పహణి కాగితం, కంప్యూటరు పట్టిక: బాగేపల్లి, చింతామణి సీమలో భూదాఖలాలు మారిన తీరు

కర్ణాటకలోని తెలుగువారి చరిత్ర అనగానే మన పరిశోధకుల దృష్టి సాధారణంగా మూడు విషయాల మీదికి పోతుంది: శాసనాలు, పాళెగాళ్ళ సంస్థానాలు, కైవారం నారేయణ యతీంద్రుల తత్త్వాలు. విలువైన విషయాలే, కాదనను. అయితే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో బ్రతికే తెలుగు రైతుకు శాసనం చదవవలసిన అవసరం జీవితంలో ఒక్కసారి కూడా రాకపోవచ్చు. పహణి మాత్రం ఎన్నిసార్లు చేతబట్టుకొని తిరగాలో లెక్కలేదు. బ్యాంకులో పంట అప్పుకు పహణి, సహకార సంఘంలో ఎరువుకు పహణి, కోర్టులో జామీను నిలబడడానికి పహణి, అన్నదమ్ముల పంపకానికి పహణి. ఈ కాగితం చేతివ్రాత వదలి కంప్యూటరులోకి చేరింది 2000-2002 మధ్య. గ్రామలెక్కిగులనే చిరుద్యోగుల తరం ఒకటి డేటాబేస్ అనే వస్తువుతో మొదటిసారి పనిచేయవలసివచ్చిన కాలం కూడా అదే. పాతికేళ్ళు కావస్తున్నవి గనుక దానిని ఇక చరిత్రగా పరిశీలించవచ్చునని నా అభిప్రాయం.

ఈ సీమను ఎరుగని విద్యార్థులకోసం రెండు మాటలు. పైన చెప్పిన మూడు తాలూకాలూ, గౌరిబిదనూరు, గుడిబండ, శిడ్లఘట్ట తాలూకాలూ 2007 వరకు కోలారు జిల్లాలోనివి. ఆ ఏడు ఈ ఆరింటినీ విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. బాగేపల్లి నుంచి ఉత్తరానికి కాస్త దూరం పోతే ఆంధ్రప్రదేశ్. హిందూపురం, కదిరి ప్రాంతాలతో పెళ్ళి సంబంధాలు, సంతబేరాలు ఈనాటికీ సాగుతున్నవి. ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడం, కచేరీభాష కన్నడం. హోబళీల పేర్లు చూడండి: పాతపాళ్యం, మిట్టేమరి, గూళూరు, చేళూరు, చింతామణి వైపు చిలకలనేర్పు. చిలకలనేర్పు వంటి పేరు ఎవరు పెట్టారో చెప్పడానికి భాషాశాస్త్రం అక్కరలేదు.

సరిహద్దు దాటితే పొలం కాగితానికి పేరు మారుతుంది. రాయలసీమలో అడంగల్, ఇక్కడ పహణి. అక్కడి కరణం ఇక్కడి శానుభోగు. ఇద్దరూ వంశపారంపర్య ఉద్యోగులే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యవస్థ రద్దయినది 1984లో. మైసూరు రాష్ట్రం అంతకు రెండు దశాబ్దాల ముందే, 1961నాటి చట్టాన్ని 1963లో అమలుచేసి శానుభోగులను తొలగించింది. వారి స్థానంలో జీతానికి వచ్చినవాడే గ్రామలెక్కిగుడు. ఈమధ్య ఆ ఉద్యోగాన్ని గ్రామ ఆడళితాధికారి అని పిలుస్తున్నారు. ఒక్కొక్కనికి మూడు నాలుగు గ్రామాలు. దాఖలాలు ఉండేది అతని దగ్గర, నకలు వ్రాసి ఇచ్చేదీ అతడే, మార్పు నమోదుచేసేదీ అతడే. శానుభోగు పోయినా శానుభోగు పెట్టె పోలేదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

1964నాటి మైసూరు భూకందాయ చట్టం కింద రూపుదిద్దుకొన్న పహణికి ప్రభుత్వ పరిభాషలో ఆర్.టి.సి. అని పేరు. హక్కులు, గేణి, పంట, ఈ మూడింటి పత్రిక అన్నమాట. అందులో వరుసగా అంకెలు వేసిన గళ్ళు ఉంటాయి. మూడో గడి విస్తీర్ణం, తొమ్మిదో గడి హక్కుదారు పేరు, పదకొండో గడి అప్పులూ ఇతర హక్కులూ, పన్నెండో గడి సాగుదారూ పంటా. ఈ పన్నెండో గడికి ఒక చరిత్ర ఉన్నది. 1974 మార్చి 1 నుంచి గేణి రద్దయినప్పుడు, తాను కౌలుదారునని చెప్పుకొన్న రైతుకు న్యాయస్థానాలలో ముఖ్యమైన ఆధారం ఆ గడిలో తన పేరు ఉండడమే. శానుభోగో, లెక్కిగుడో ఆ ఏడాది పేరు వ్రాశాడా లేదా అన్నదానిమీద ఒక కుటుంబానికి భూమి దక్కడం, దక్కకపోవడం ఆధారపడింది. ఎవరు వ్రాస్తారు, ఎలా వ్రాస్తారు అన్న ప్రశ్న ఇక్కడ నగిషీ ప్రశ్న కాదు.

పహణి భాష కన్నడమేగాని, మాటలు మాత్రం అరబ్బీ పారసీల నుంచి దిగినవి బోలెడు. ఖరాబు, జమాబందీ, బగర్ హుకుం, పౌతి. తండ్రి పేరును బిన్ అని కలుపుతారు. భార్య అయితే కోం అని భర్త పేరు కలుపుతారు. నారాయణప్ప బిన్ వెంకటప్ప, లక్ష్మమ్మ కోం నారాయణప్ప. తెలుగు ఇంటిలో పుట్టి, కన్నడ లిపిలో పేరు నమోదై, మధ్యలో అరబ్బీ ముక్క కలుపుకొన్న మనిషి బాగేపల్లిలో వింతకాదు. ఆంధ్రదేశపు దాఖలాలో ముందువరసలో నిలిచే ఇంటిపేరుకు ఇక్కడ గడి లేదు. ఈ సంగతి ముందుముందు మనకు అవసరపడుతుంది.

ఇప్పుడు డేటాబేస్ వైపు వద్దాం. సమాచారాన్ని అడ్డువరుసలు, నిలువువరుసలుగల పట్టికలుగా అమర్చి, పట్టికల మధ్య సంబంధాలను గణితరీత్యా నిర్వచించవచ్చునని ఇ. ఎఫ్. కాడ్ అనే గణితవేత్త 1970లో ప్రతిపాదించాడు. ఐ.బి.ఎం. సంస్థలో ఉద్యోగి. ఆయన పెట్టిన మొదటి షరతు చాలా సామాన్యంగా కనబడుతుంది: ఒక గడిలో ఒక్క విలువే ఉండాలి. మన దేశంలో 1980ల చివర, 1990ల మొదట్లో శిక్షణకేంద్రాలకు పోయిన విద్యార్థులకు ఈ విద్య చాలావరకు డీబేస్ త్రీ ప్లస్ అనే సాధనం ద్వారా పరిచయమయింది. నల్లని తెరమీద ఒక చుక్క, దాని పక్కన మిణుకుమిణుకుమనే గీత. ఆదేశం టైపుచేస్తేగాని ఏమీ కదలదు. ఏదైనా నింపేముందు పట్టిక నిర్మాణాన్ని చెప్పాలి. గడి పేరు పది అక్షరాలకు మించరాదు. అది అక్షరాలా, అంకెలా, తేదీయా, అవునూకాదులా? దాని వెడల్పు ఎంత? ముందే తేల్చిచెప్పాలి. లెడ్జరు వ్రాసి అలవాటుపడిన మనిషికి కష్టం కీబోర్డుతో కాదు, ఈ "ముందే" అన్న మాటతో. లెడ్జరులో చోటు చాలకపోతే మార్జినులో వ్రాసుకోవచ్చు. ఇక్కడ మార్జిను లేదు.

భూదాఖలాలను కంప్యూటరులోకి ఎక్కించాలన్న కేంద్రప్రభుత్వ పథకం 1988-89లో దేశంలోని ఎనిమిది జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలయింది. ఆ ఎనిమిదింటిలో మన రంగారెడ్డి జిల్లా ఒకటి. కర్ణాటకలో ఆ పథకం 1991లో గుల్బర్గాతో ఆరంభమయింది. ఫలితం అంతంతమాత్రం. కారణం సులభంగానే అర్థమవుతుంది. ఉన్న దాఖలాను ఒకసారి టైపుచేసి పెట్టారు. మరునాడు భూమి చేతులు మారితే ఆ మార్పు కంప్యూటరులో చేరే దారి లేదు. గ్రామంలో చేతివ్రాత దాఖలాయే చెల్లుబాటవుతూ వచ్చింది. రెండు పుస్తకాలున్నప్పుడు, అందులో ఒకటే చెల్లేదయినప్పుడు, చెల్లని దానిని ఎవరు సరిచూస్తారు? కంప్యూటరులోని కాపీ కొన్ని నెలలకే పాతదైపోయేది.

2000లో కర్ణాటక రెవెన్యూ శాఖ ప్రారంభించిన "భూమి" పథకం సరిగా ఈ చోటనే దెబ్బకొట్టింది. జాతీయ సమాచార కేంద్రం సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. శాఖ తరఫున రాజీవ్ చావ్లా అనే అధికారి నడిపించాడు. మొత్తం సుమారు 2 కోట్ల దాఖలాలు, 67 లక్షలమంది భూయజమానులు, 9,000మంది గ్రామలెక్కిగులు, 177 కేంద్రాలు. 2002 నాటికి పని రాష్ట్రమంతటా విస్తరించింది. ఒక తాలూకాలో కంప్యూటరు దాఖలా సిద్ధమైనదని ప్రకటన వెలువడగానే అక్కడ చేతివ్రాత పహణి చెల్లదు. మొత్తం పథకానికి ప్రాణం ఈ ఒక్క నిబంధన. యంత్రం గొప్పతనంకంటె ఈ నిషేధం గొప్పతనమే ఎక్కువని నేననుకొంటాను. ఆ రోజులలో రైతు తాలూకా కచేరీకి వచ్చి, కిటికీ దగ్గర పదిహేను రూపాయలు కడితే అచ్చువేసిన పహణి చేతికి వచ్చేది. లోపల కూర్చున్నవాడు ఏమి చేస్తున్నాడో కనబడేట్టు రైతు వైపుకు తిప్పిన రెండో తెర కూడా పెట్టారు. చదువురాని రైతుకు ఆ తెర ఏమి చెప్పిందో వేరే సంగతి.

అయితే ఆ కిటికీ తెరుచుకొనేముందు జరిగిన పనిని గురించి వ్రాసినవారు తక్కువ. లెక్కిగులు తమ పుస్తకాలను తాలూకాకు తేవాలి, వివరాలను నమూనాపత్రాలలోకి ఎక్కించాలి, ప్రైవేటు సంస్థల టైపిస్టులు వాటిని కంప్యూటరులో నింపాలి, అచ్చయి వచ్చిన ప్రతిని లెక్కిగుడు మళ్ళీ తన పుస్తకంతో పోల్చి తప్పులు దిద్దాలి, దిద్దినదానిని మళ్ళీ నింపాలి. డేటాబేస్ అంటే ఏమిటో ఈ ఉద్యోగులకు అర్థమైనది ఏ శిక్షణ తరగతిలోనో అనుకోను, ఈ దిద్దుబాటులోనే. అచ్చుప్రతిమీద ఎర్రసిరాతో గీత గీసినప్పుడల్లా తన పాత పుస్తకం ఎక్కడ నీళ్ళు నమిలిందో అతనికి కనబడుతుంది.

విస్తీర్ణంతో మొదలుపెడదాం. ఆంధ్రలో ఎకరాకు నూరు సెంట్లు. ఇక్కడ ఎకరాకు నలభై గుంటలు, గుంటకు పదహారు అణాలు. 2-20 అని వ్రాస్తే రెండున్నర ఎకరాలని అర్థం. దీనిని దశాంశపు గడిలో 2.20 అని నింపితే ఏమవుతుంది? ఒక రైతుకు రెండు మడులున్నవి, ఒక్కొక్కటి 1-30 అనుకొందాం. లెక్కిగుడు వ్రేళ్ళమీద కూడి 3-20 అంటాడు. దశాంశం తెలిసిన యంత్రం 2.60 అంటుంది. సెంట్లలో అలవాటుపడినవాడు ఈ ఇబ్బందిని ఊహించడు, ఎందుకంటే సెంటుకూ దశాంశానికీ పేచీ లేదు. ఎకరాకు ఒక గడి, గుంటకు ఒక గడి, అణాకు ఒక గడి విడివిడిగా పెట్టి, నలభై దాటితే పైకి ఎత్తమని యంత్రానికి చెప్పాలి. శానుభోగు కొడుకు పదేళ్ళ వయస్సులో నేర్చిన లెక్కను మళ్ళీ అక్షరం అక్షరంగా యంత్రానికి వల్లెవేయించాలన్నమాట.

తరువాత మూడు-తొమ్మిది తగవు. కర్ణాటక రెవెన్యూ కచేరీలలో ఈ రెండంకెలు తెలియనివారు ఉండరు. మూడో గడిలో సర్వే నెంబరు మొత్తం విస్తీర్ణం ఉంటుంది. తొమ్మిదో గడిలో హక్కుదారులూ, ఒక్కొక్కరి భాగమూ ఉంటాయి. రెండూ సమానం కావాలి. కాగితం మీద కాకపోయినా ఎవరూ అడిగేవారు కారు. తాత పేరున నాలుగెకరాలు. ఆయన పోయాక ముగ్గురు కొడుకులు పంచుకొన్నారు. ఒకడు తన భాగంలో ఇరవై గుంటలు అమ్మాడు. కొన్నవాని పేరు తొమ్మిదో గడిలో సన్నని అక్షరాలతో ఇరికించారు. అమ్మినవాని విస్తీర్ణం తగ్గించడం మరచారు. గడిలో నాలుగు పేర్లు, కూడితే నాలుగెకరాల ఇరవై గుంటలు. కాగితం ఓర్చుకొన్నది. ఊరికి తెలుసు ఏ గట్టు ఎవరిదో. కాడ్ షరతు ప్రకారం ఒక గడిలో ఒక్క పేరే ఉండాలిగనుక నలుగురికీ నాలుగు వరుసలు తీయవలసివచ్చింది. వరుసలు తీయగానే కూడిక బయటపడింది. ఎక్కువైన ఇరవై గుంటలను ఎవరి వరుసలోనుంచి తీయాలి?

ఈ ప్రశ్నకు డేటాబేస్ దగ్గర సమాధానం లేదు, లెక్కిగుని దగ్గరా లేదు. పోడి చేయించి, అంటే సర్వేయరు చేత కొలిపించి హిస్సాలుగా విడగొట్టి తేల్చుకోవాలి. దానికి డబ్బు, కాలం, అన్నదమ్ముల ఒప్పుదల కావాలి. ఒప్పుదల లేనివారు కోర్టుకు పోయారు. అంతకుముందు లేని తగవును యంత్రం పుట్టించినదనేవారున్నారు. ఉన్న తగవునే అది బయటపెట్టినదనేవారున్నారు. రెండూ కొంతవరకు నిజమే. మూడు-తొమ్మిది సరిచేయడానికని రెవెన్యూ అదాలతులు పెట్టవలసివచ్చిందంటే పాత పుస్తకాలలో ఎంత సర్దుబాటు దాగి ఉండేదో ఊహించవచ్చు.

తెలుగువారికి ప్రత్యేకించి సంబంధించిన చిక్కు పేర్లది. బాగేపల్లి పల్లెలలో ఒకే మనిషిని వెంకటరవణప్ప అంటారు, వెంకటరమణప్ప అంటారు, వెంకట్రవణ అని పిలుస్తారు. నారెప్ప, నారణప్ప, నారాయణప్ప కూడా అంతే. ఇంట్లో చిన్న వెంకటప్పగా ఉన్నవాడు కన్నడంలో ఆలోచించే వ్రాతగాని కలంకింద చిక్క వెంకటప్ప కావడానికి వీలున్నది; పెద్దప్ప దొడ్డప్ప కావడానికీ వీలున్నది. ఇది దురుద్దేశం కాదు. ఊరి పేరులో పల్లిని హళ్ళి అన్నంత సహజంగా జరిగిపోయే అనువాదం. పుస్తకం శానుభోగు పెట్టెలో ఉన్నంతకాలం దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే మనిషి ఎవరో వ్రాసినవానికి తెలుసు. గుర్తింపు అతని తలలో ఉన్నది, కాగితంలో కాదు.

యంత్రానికి ఒక్క అక్షరం తేడా అయితే ఇద్దరు మనుషులు. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా గమనించాలి. పహణి డేటాబేస్‌లో దాఖలాను సాధారణంగా వెదికేది సర్వే నెంబరుతో. కాబట్టి పేరు తప్పుగా నింపినా 2002లో కాగితం అచ్చయి వచ్చేది, రైతుకు పనీ జరిగేది. చిక్కు ఆలస్యంగా బయటపడింది. బ్యాంకు పాసుపుస్తకంలోని పేరును, ఓటరు జాబితాలోని పేరును, తరువాత ఆధార్ కార్డులోని పేరును పహణితో పోల్చిచూడడం మొదలయినప్పుడు. ఇంటిపేరుకు గడి ఉండి ఉంటే ఒకే ఊరిలోని నలుగురు నారాయణప్పలను విడదీయడం కొంత సులభమయ్యేది. లేదు. బిన్ తరువాత వచ్చే తండ్రి పేరే ఆధారం. ఆ తండ్రి పేరూ మూడు రకాలుగా ఉంటే చెప్పేదేమున్నది? ఆడవారి స్థితి మరీ కష్టం. పుట్టింటి దాఖలాలో తండ్రి పేరుతో బిన్ అనీ, అత్తింటి దాఖలాలో భర్త పేరుతో కోం అనీ నమోదైన లక్ష్మమ్మ ఒక్కతేనని నిరూపించుకోవలసిన భారం లక్ష్మమ్మదే.

ఊళ్ళ విషయంలో మాత్రం యంత్రం తెలియకుండానే మేలు చేసింది. జిల్లాకు, తాలూకాకు, హోబళీకి, గ్రామానికి సంకేతసంఖ్యలు ఇచ్చారు. పల్లి అనండి, హళ్ళి అనండి, సంఖ్య ఒకటే. రైస్ 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటంలో కోలారు జిల్లా శాసనాలకు తాలూకావారీగా పొడి అక్షరాలు, వరుస అంకెలు వేసిన సంగతి మన విద్యార్థులకు తెలుసు. బాగేపల్లి శాసనం తెలుగుదైనా కన్నడదైనా దాని అంకెతోనే పిలుస్తాము. భాషల తగాదా లేని పేరు అంకె ఒక్కటే కాబోలు.

ఈ దాఖలాను తెలుగులో కూడా చూపడానికి సాంకేతికంగా అడ్డంకి ఉన్నదా అని అడగవచ్చు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ సంకేతవ్యవస్థలో భారతీయ లిపులన్నిటికీ ఒకే సంకేతాలు ఇచ్చారు. క అనే అక్షరానికి కన్నడంలో ఏ సంఖ్యో తెలుగులోనూ అదే సంఖ్య. లిపి గుర్తును మారిస్తే కన్నడంలో నింపిన పేరు తెలుగులో అచ్చవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కూడా రెండు భాషలకూ క ఉండే మీట ఒకటే. లిపులా అక్కచెల్లెళ్ళు. గడుల శీర్షికలను తెనిగించడం ఒక పూట పని. అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారు 15 శాతమో అంతకుమించో ఉన్న చోట్ల ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను ఆ భాషలో కూడా వెలువరించాలన్న రక్షణ దేశంలో ఏనాటినుంచో ఉన్నది. బాగేపల్లి, చింతామణి ఆ హద్దును సులభంగా దాటే తాలూకాలు. అయినా పహణి కన్నడంలోనే వచ్చింది. మనవారు గట్టిగా అడిగిన దాఖలా కూడా నాకు కనబడలేదు. కర్ణాటకలో కచేరీభాష కన్నడమన్నది న్యాయమే. అందులో వివాదం లేదు. చట్టానికి చెల్లే కన్నడ ప్రతి పక్కన చదువుకోవడానికొక తెలుగు ప్రతి ఉంటే అవ్వలు, తాతలు తమ పొలం సంగతి మనుమల చేత చదివించుకొనే అవసరం తప్పేదన్నంతవరకే నా మాట.

చదివించుకోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. పాత రోజులలో లెక్కిగుడు ఊరికి వచ్చేవాడు. రచ్చబండ దగ్గర కూర్చొని, కన్నడంలో వ్రాసినదానిని తెలుగులో చెప్పేవాడు. చెప్పినందుకు తీసుకొనేదీ తీసుకొనేవాడు. "భూమి" వచ్చాక రైతే తాలూకాకు పోవాలి. కిటికీ దగ్గర కాగితం దొరుకుతుంది, అర్థం దొరకదు. కచేరీ బయట అర్జీలు వ్రాసేవారి బల్ల దగ్గర ఆ అర్థానికి వేరే వెల. బెంగళూరులోని పబ్లిక్ అఫైర్స్ సెంటర్ 2002లో రాష్ట్రంలో జరిపిన పరిశీలన ప్రకారం, పాత పద్ధతిలో పహణి తీసుకొన్నవారిలో 66 శాతం లంచం ఇచ్చామన్నారు, కొత్త పద్ధతిలో 3 శాతమే. ఇది చిన్న మార్పు కాదు, దానిని తక్కువచేసి మాట్లాడడం అన్యాయం. బల్ల దగ్గరి వెల మాత్రం ఏ లంచపు లెక్కలోకీ రాదు.

మార్పుల నమోదులోనూ కొత్త క్రమశిక్షణ వచ్చింది. ఖాతా మార్పు అర్జీ కిటికీలో ఇవ్వగానే దానికి వరుససంఖ్య పడుతుంది. ముందు వచ్చినది ముందు తీర్చాలి. వెనుకదానిని ముందుకు జరపడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అప్పట్లో నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆక్షేపణలకు వేచిచూడవలసి ఉండేది. ఆ తరువాత రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆజ్ఞ, దానిమీద కంప్యూటరులో మార్పు. మార్పు చేసే ఉద్యోగి వ్రేలిముద్ర వేసి లోపలికి పోవాలి. ఎవరు ఏ రోజున ఏ వరుసను మార్చారో యంత్రం గుర్తుంచుకొంటుంది. తరతరాలుగా రైతుల చేత వ్రేలిముద్రలు వేయించిన కచేరీ తన ఉద్యోగి చేత వ్రేలిముద్ర వేయించడం ఇదే మొదలు. సంతకం చేయగలిగినవాడు ముద్ర వేయడమేమిటని నొచ్చుకొన్నవారు ఉండకపోరు.

అధికారం ఊరి నుంచి తాలూకాకు తరలినందువల్ల అందరికీ సమానంగా మేలు జరిగినదా? సాలొమన్ బెంజమిన్, భువనేశ్వరి రామన్ మొదలైనవారు 2007లో వెలువరించిన అధ్యయనం కాదంటుంది. బెంగళూరు చుట్టుపక్కల భూములు కొనే పెద్ద సంస్థలకు ఒకేచోట సమస్త సమాచారం దొరకడం లాభించినదనీ, చిన్న రైతుకు తన లెక్కిగునితో మాట్లాడుకొని సర్దుకొనే వీలు పోయిందనీ వారి వాదం. వారు చూచినది నగరపు అంచు. అప్పటి బాగేపల్లి నగరపు అంచు కాదు. వర్షం కోసం, బోరుబావి కోసం చూచే పల్లెసీమ. అందువల్ల వారి నిర్ణయాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేము. అయితే దేవనహళ్ళిలో 2008లో విమానాశ్రయం తెరచిన తరువాత చిక్కబళ్ళాపురం తాలూకా భూముల ధరలు ఏమయినవో అందరికీ తెలుసు. ఆ అధ్యయనాన్ని మన జిల్లాలో, ముఖ్యంగా బగర్ హుకుం సాగుదారుల విషయంలో, తిరిగి చేయవలసిన అవసరం ఉన్నది. ప్రభుత్వభూమిని హుకుం లేకుండా దున్నుకొన్న ఆ పేదవాని పేరు కాగితం మీద పన్నెండో గడిలో పెన్సిలుతోనైనా ఉండే అవకాశం ఉండేది. డేటాబేస్‌లో పెన్సిలు లేదు.

సరిహద్దు అవతల ఇదే కాలంలో నడిచిన ప్రయోగాన్ని కూడా పోల్చిచూడడం మంచిది. ఆంధ్రప్రదేశ్ 1998 నవంబరులో కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరులోకి తెచ్చింది, 214 సబ్‌రిజిస్ట్రారు కచేరీలలో. వారు క్రయపత్రంతో మొదలుపెట్టారు, వీరు పహణితో మొదలుపెట్టారు. క్రయపత్రం ఒకనాటి సంఘటన. వ్రాసి దాచితే సరిపోతుంది. పహణి బ్రతికి ఉన్న దాఖలా. మనిషి చనిపోయినా, అప్పు తీరినా, పంట మారినా అది మారాలి. నిర్వహణలో ఏది కష్టమో చెప్పనక్కరలేదు.

ఆ కష్టం ఈనాటికీ తీరలేదు. చనిపోయినవారి పేరనే ఉండిపోయిన దాఖలాలను వారసులకు మార్చే పౌతి ఖాతా ఉద్యమం మాటిమాటికీ నడుస్తూనే ఉన్నది. పంపకం తేలని ఇళ్ళలో తాత పేరు చెరిపించడానికి ఎవరూ ముందుకు రారు. తాత ఉన్నంతకాలం భూమి ఉమ్మడి.

విద్యార్థులు తమ ఊరి పహణిని ఇప్పుడు ఇంటినుంచే కంప్యూటరులో చూడవచ్చు. జిల్లా, తాలూకా, హోబళీ, గ్రామం, సర్వే నెంబరు వరుసగా ఎంచుకోవాలి. ఆపైన సర్నాక్ అనే గడి వస్తుంది. అందులో చాలాచోట్ల ఒక్క నక్షత్రపు గుర్తు మాత్రమే కనబడుతుంది. అదేమిటని అడిగితే కచేరీలోనే ఒకరి ముఖం ఒకరు చూచుకొంటారు. నక్షత్రాన్ని ఎంచుకొని ముందుకు పోవడమే. ఆ తరువాత హిస్సా. తొమ్మిదో గడిలోని పేరును మీ ఇంట్లో పిలిచే పేరుతో పోల్చి చూడండి. ఒక జాగ్రత్త: బాగేపల్లి నుంచి విడిపోయి చేళూరు వేరే తాలూకా అయింది. చేళూరు వైపు పల్లెలవారు తమ పొలాన్ని బాగేపల్లి కింద వెదికి, లేదని కంగారుపడనక్కరలేదు. తాలూకా పేరు మార్చి వెదికితే సర్వే నెంబరు పాతదే దొరుకుతుంది.